మూడు లాంతర్లు తెలుసు గానీ ఈ మూడుల్ ఏటండి: లెక్చరర్ల ఆన్‌లైన్ ట్రైనింగ్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. అందులో రెండు మార్కులు ఒక్క గురువారం మధ్యాహ్నానికే. మిగతా ఒకటిన్నర మా ల్యాబ్ అసిస్టెంట్‌కి ఇవ్వాల్సింది, కానీ అతను ఆ సంస్థ మనిషి కాదు కాబట్టి వాళ్ళ ఖాతాలో వేసేస్తున్నాను.

వైజాగ్ నుంచి వచ్చే ఓ ప్రైవేట్ శిక్షణ సంస్థ, డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ టీచర్లకి ఆన్‌లైన్ పాఠాల ప్లాట్‌ఫారాలు నేర్పిస్తామని ఐదు రోజుల ప్రోగ్రాం పెట్టింది. మూడుల్, గూగుల్ క్లాస్‌రూమ్, స్వయం, ఈ మూడూ సిలబస్. రోజూ పదింటి నుంచి నాలుగింటి దాకా, తలకి 1500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. సగం డబ్బు మా కాలేజీ కట్టింది, సగం మేం కట్టుకున్నాం. విజయనగరంలో మా కంప్యూటర్ ల్యాబ్‌లోనే జరిగింది, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి కూడా వచ్చారు, మొత్తం 34 మందిమి. సంస్థ పేరు రాయడం లేదు, తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి. మీ కాలేజీకి బ్రోచర్ వచ్చి ఉంటే చదువుతుండగానే గుర్తుపడతారు.

అసలు ఇదంతా ఎందుకంటే, న్యాక్, కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ. న్యాక్ వాళ్ళు వస్తున్నారంటే ఏ కాలేజీకైనా మూడు పనులు గుర్తొస్తాయి, గోడలకి సున్నం, ముందర పూలకుండీలు, ఆపైన ఎల్‌ఎంఎస్, అంటే పాఠాలూ పరీక్షలూ ఆన్‌లైన్‌లో పెట్టే మూడుల్ లాంటి సాఫ్ట్‌వేర్. మా ప్రిన్సిపాల్‌గారు ఓ సర్వర్ తీసుకుని మూడుల్ ఎక్కించి ఆరు నెలలైంది, అందులో ఉన్నవన్నీ "వెల్కమ్" అని ఒక పేజీ, కాలేజీ ఫొటో. 2020లో లాక్‌డౌన్ అప్పుడు మేం చేసిన ఆన్‌లైన్ చదువు సంగతి అందరికీ తెలిసిందే, వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడేయడం, ఉచిత జూమ్‌లో 40 నిమిషాలు మాట్లాడటం. నేను తెలుగు చెప్తాను. ఉత్పలమాలకి గణవిభజన బోర్డు మీద చేస్తే నాలుగు నిమిషాల పని, అదే ఫోన్ ముందు కూర్చుని "భ ర న భ భ ర వ, వినిపిస్తోందా, ఎవరైనా మైక్ ఆపండమ్మా, కుక్కర్ విజిల్ వినిపిస్తోంది" అంటూ చేస్తే సరిగ్గా యతి దగ్గరికి వచ్చేసరికి మీటింగ్ కట్టయ్యేది. అందుకే ఈసారి పద్ధతిగా నేర్చుకుందామని సొంత ఇష్టంతోనే చేరాను. మిగతావాళ్ళలో సగం మంది ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ) సర్టిఫికెట్ కోసం వచ్చారు, తప్పు పట్టడానికేం లేదు, ప్రమోషన్ ఫైల్లో కాగితాలే మాట్లాడతాయి.

మొదటి దెబ్బ తేదీల దగ్గరే తగిలింది. సోమవారం నుంచి శుక్రవారం అని పెట్టారు. ఏ సోమవారం? మా పైడితల్లమ్మ పండగ తొలేళ్ళ సోమవారం. ఆ మర్నాడు సిరిమాను, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే రోజు! దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుంటారా? పైడితల్లమ్మ సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడు సార్లు తిరిగేదాకా ఆ దారిలో సైకిల్ కూడా కదలదు. బుకింగప్పుడే మా ఆఫీసు వాళ్ళు చెప్పారట, "లోకల్ ఫెస్టివల్, అడ్జస్ట్ అవుదాం సర్" అన్నారట అటువైపు నుంచి. చివరికి మంగళవారం ట్రైనర్లే వచ్చి జనంలో ఇరుక్కుని, సిరిమాను చూసి, అరటిపళ్ళు విసిరి వెళ్ళారు. ఐదు రోజులు నాలుగయ్యాయి. సర్టిఫికెట్ మీద మాత్రం ఐదు రోజులనే ఉంది, మేమూ ఏమీ అనలేదు.

సోమవారం మొత్తం స్లైడ్లు. డిజిటల్ యుగం, ఇరవై ఒకటో శతాబ్దపు విద్యార్థి, బొమ్మలో ట్యాబ్ పట్టుకున్న తెల్లపిల్ల. పెద్ద ట్రైనర్ గారు స్లైడ్ మీదున్న వాక్యాన్నే మనకేసి తిరిగి చదువుతారు, మళ్ళీ తెరకేసి తిరుగుతారు. టీచర్లకి పాఠం ఎలా చెప్పాలో నేర్పడానికి వచ్చిన మనిషి అలా చదువుతుంటే, వెనక బెంచీలో మేం ఏం చేశామో మా స్టూడెంట్లు చూస్తే పరువు పోయేది. మా హిస్టరీ మేస్టారు, ఇంకో రెండేళ్ళలో రిటైర్ అవుతారు, సన్నగా నా చెవిలో, "మూడు లాంతర్లు తెలుసు గానీ ఈ మూడుల్ ఏటండి?" అన్నారు. మూడు లాంతర్లంటే మా ఊళ్ళో ఓ సెంటర్ పేరు. నవ్వాపుకోలేక దగ్గు నటించాల్సి వచ్చింది.

ఆ రోజు పనికొచ్చినవి రెండు ముక్కలు. మూడుల్ 2002లో ఆస్ట్రేలియాలో మార్టిన్ డూజియమాస్ అనే ఆయన మొదలుపెట్టింది, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్, కాబట్టి ఎవరైనా "మూడుల్ లైసెన్స్ ఫీజు" అని బిల్లు పెడితే ఆగి అడగండి, ఖర్చంతా సర్వర్‌కీ, చూసుకునే మనిషికీ. రెండోది స్వయం గురించి. 2017లో వచ్చిన ఈ ప్రభుత్వ ప్లాట్‌ఫారంలో వీడియో, చదువుకునే మెటీరియల్, తనకి తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చ, ఈ నాలుగూ ప్రతి కోర్సుకీ ఉండాలని నియమం. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోనివ్వొచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెప్తున్నాయి. ఇది వినగానే హాల్లో అందరికీ నిద్ర వదిలింది, "అయితే మన వర్క్‌లోడ్?" అని కామర్స్ మేడమ్ గట్టిగానే అడిగారు. జవాబు రాలేదు, టీ వచ్చింది.

బుధవారం చేతికి లాగిన్లు వచ్చాయి. పొద్దున్న గూగుల్ క్లాస్‌రూమ్. దాని గురించి పెద్దగా రాయను, క్లాస్ తెరవడం, కోడ్ ఇవ్వడం, అసైన్‌మెంట్ పెట్టడం గంటన్నరలో అందరికీ వచ్చేసింది, ఒక సెక్షన్‌కి పాఠం చెప్పుకునేవాళ్ళకి అది చాలు. పెద్ద ప్రశ్నల నిధి తయారుచేసుకుని, అందులోంచి ఒక్కో స్టూడెంట్‌కి వేరే వేరే ప్రశ్నలు పడేలా పరీక్ష పెట్టాలంటే మాత్రం మూడుల్‌కి రావాల్సిందే. ఆ ప్రశ్నల నిధి కట్టడం దగ్గరే మా తెలుగు వాళ్ళకి అసలు కథ మొదలైంది.

నా దగ్గర పద్దెనిమిదేళ్ళ ప్రశ్నపత్రాలు, నోట్సు, అంతా అను ఫాంట్లలో ఉంది. తెలుగు డీటీపీ తెలిసిన ఎవరికైనా చెప్పక్కర్లేదు, పేజ్‌మేకర్, అను, ఆ కీబోర్డు వేళ్ళకి అలవాటైపోయాక ఇంకేదీ ఎక్కదు. ఎంతో సంబరంగా ఛందస్సు మీద యాభై బిట్లు కాపీ చేసి మూడుల్‌లో పేస్ట్ చేశాను. తెర మీద ఫ్రెంచో లాటినో తెలియని అక్షరాలు, నెత్తిమీద కొమ్ములు, మధ్యలో కామాలు, డిగ్రీ గుర్తులు. పెద్ద ట్రైనర్ గారు వచ్చి చూసి, "ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకోండి మేడమ్, సరిపోతుంది" అన్నారు. నా కంప్యూటర్లో ఆ ఫాంట్ ఉందండీ, ఇరవై ఏళ్ళుగా ఉంది. నా కంప్యూటర్లో కనపడినంత మాత్రాన కురుపాం అవతల ఉన్న స్టూడెంట్ ఫోన్లో కనపడుతుందా?

అప్పుడు వచ్చాడు మా ల్యాబ్ అసిస్టెంట్. "అది తెలుగు కాదు మేడమ్గారూ, ఇంగ్లీషు అచ్చరాలకి తెలుగు బొమ్మ తొడిగారంతే. కంప్యూటర్ దృష్టిలో అదింకా ఇంగ్లీషే" అన్నాడు. అంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. పాత ఫాంట్లలో తెలుగు ఆకారాల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు, ఫాంట్ తీసేస్తే వేషం తీసేసినట్టే. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి దాని సొంత నంబరు ఉంటుంది, ఏ ఫోన్లో తెరిచినా అది తెలుగే. ఉచితంగా దొరికే యూనికోడ్ తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు గురజాడ, ఇంకోదాని పేరు గిడుగు. ఒకరు మా ఊళ్ళో పాఠం చెప్పినాయన, ఇంకొకరు శ్రీకాకుళం గడ్డ మీద పుట్టినాయన. వాళ్ళిద్దరూ యూనికోడ్‌లోకి వెళ్ళిపోయి కూర్చున్నారు, తెలుగు చెప్పుకునే నేను ఇంకా అను దగ్గరే ఉన్నాను.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, ప్రతి లైనూ మళ్ళీ చదవాలి. "పోన్లో మాటాడితే అదే టైపయిపోద్ది, బేగి అయిపోద్ది, అనుతో ఏటి బాధ" అన్నాడు అతనే. నిజమే, గణాల పేర్లు తప్ప మిగతాదంతా ఫోన్ బాగానే పట్టుకుంది. ఇంద్రగణాలని చెప్తే "ఇంద్ర గణాలు" అని రాసి, సూర్యగణాలు అంటే ఎవరో సూర్య గారి ఫోన్ నంబర్ చూపించింది.

ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించక్కర్లేదని చెప్పింది రెండో ట్రైనర్, చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. ఐకెన్ అని ఓ పద్ధతి. నోట్‌ప్యాడ్‌లో ఒక లైన్లో ప్రశ్న, కింద ఏ, బీ, సీ, డీ ఆప్షన్లు, ఆఖరి లైన్లో ఆన్సర్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, సరైన ఆప్షన్ అక్షరం. యాభై ప్రశ్నలైనా ఒకే ఫైలు, ఒకే దెబ్బలో లోపలికి. నేను అలవాటు కొద్దీ అ, ఆ, ఇ, ఈ అని ఆప్షన్లు పెట్టాను, మూడుల్ మొహం తిప్పుకుంది. ఆప్షన్ గుర్తులు ఇంగ్లీషువే ఉండాలి, ప్రశ్న, జవాబు తెలుగులో ఉండొచ్చు, సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్‌లో దాచే పద్ధతి) అని చూసుకోవాలి. ఈ మూడూ స్లైడ్లలో ఎక్కడా లేవు. తెలుగు ప్రాంతానికి ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చి, తెలుగులో ఒక్క ఉదాహరణ కూడా లేకుండా రావడం ఏంటో నాకర్థం కాలేదు. అర మార్కు అక్కడ పోయింది.

ఇప్పుడు ఆ గురువారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక చిన్నమ్మాయి వచ్చి, "ఇప్పటి నుంచి మీరు టీచర్లు కాదు సర్, స్టూడెంట్లు" అంది. కంప్యూటర్లు ఆపేయించింది. ల్యాబ్ వైఫై కూడా వద్దంది. మీ సబ్జెక్టులో ఒక పేజీ జవాబు చేత్తో రాసి, మీ ఫోన్‌తో ఫొటో తీసి, మీ డేటాతోనే మూడుల్‌లో పెట్టండి, గడువు మూడున్నర, కటాఫ్ మూడూ నలభై ఐదు. గడువు దాటితే ఆలస్యం అని పడుతుంది గానీ తీసుకుంటుంది, కటాఫ్ దాటితే తలుపు మూసేస్తుంది. అంతే చెప్పి కుర్చీలో కూర్చుంది.

చూడాలి మా అవస్థ! పేజీ రాయడానికి ఇరవై నిమిషాలు, పెట్టడానికి నలభై. నా ఫొటో 4 ఎంబీ పైన ఉంది, సైట్ 2 ఎంబీ దాటితే తీసుకోదు. ఆ అమ్మాయి కావాలనే అలా పెట్టిందట. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు ముగ్గురు. ఫొటో అడ్డంగా పడి తలతిప్పి చదవాల్సినవాళ్ళు ఇద్దరు. బొబ్బిలి నుంచి వచ్చిన ఫిజిక్స్ సార్‌కి ఆ రోజు డేటా అయిపోయింది, పక్కాయన హాట్‌స్పాట్ అడుక్కున్నారు. ఫొటో సైజు తగ్గించడానికి కామర్స్ మేడమ్ కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, దాన్ని వాట్సాప్‌లో వాళ్ళాయనకి పంపి, మళ్ళీ తను డౌన్‌లోడ్ చేసుకోవడం. బరువు తగ్గిపోయింది. ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఈ మూలధన వ్యయం నాకెందుకు పంపావ్?" అని అడిగారు.

అసలు ముచ్చట హిస్టరీ మేస్టారిది. మూడూ ఇరవైకే పెట్టేశానని కాలుమీద కాలేసుకుని కూర్చున్నారు. నాలుగింటికి చిన్నమ్మాయి తెర మీద లిస్టు చూపించింది, ఆయన పేరు ఎదురుగా "డ్రాఫ్ట్" అని ఉంది. ఫైలు ఎక్కించి సేవ్ నొక్కారు, దాని తర్వాత సబ్మిట్ అని ఇంకో బటన్ ఉంటుంది, అది నొక్కలేదు. కటాఫ్ అయిపోయింది.

"అమ్మా, నేను పెట్టానమ్మా. ఈయన్ని అడుగు, ఈయన చూశారు."

"సర్, మీ దగ్గర స్క్రీన్‌షాట్ ఉందా?"

"స్క్రీన్‌షాట్ ఏటి, నేను అబద్ధం ఆడతానా!"

హాల్ మొత్తం నిశ్శబ్దం. ఆ రెండు మాటలూ మాకు కంఠస్థం కదా, లాక్‌డౌన్ రెండేళ్ళూ రోజూ విన్నవే, కాకపోతే అప్పుడు స్క్రీన్‌షాట్ అడిగింది మేం, అబద్ధం ఆడతానా అని ఏడ్చింది పిల్లలు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి, మొహం ఎర్రబడిపోయింది. కాసేపాగి ఆయనే నవ్వేసి, "2021లో ఒక గుంటడిని ఇలాగే వెళ్ళగొట్టానమ్మా, పెట్టాను సార్, పెట్టాను సార్ అన్నాడు" అన్నారు. ఆ సబ్మిట్ బటన్ తప్పనిసరి కాకుండా చేసే సెట్టింగ్ ఎక్కడుందో ఆ తర్వాత ఆ అమ్మాయి చూపించింది, అసైన్‌మెంట్ సెట్టింగుల్లో ఒక్క "నో". నోట్సు రాసుకోని మనిషి ఒక్కరు లేరు ఆ హాల్లో. మేస్టారు సెట్టింగ్ పేరు అరచేతి మీద రాసుకున్నారు.

ఆ ఒక్క పూట కోసం ఈ ప్రోగ్రాంలో చేరొచ్చు. నన్నడిగితే సోమవారం పొద్దున్నే ఇది పెట్టి, స్లైడ్లన్నీ చెత్తబుట్టలో పడేయాలి.

శుక్రవారం క్విజ్‌లు. 34 మందిమీ ఒకేసారి తెరిస్తే వాళ్ళ ట్రయల్ సైట్ కూర్చుండిపోయింది, అరగంట పోయింది, "మీ నెట్ స్లో" అన్నారు, ఫోన్ డేటా మీద కూడా అంతే ఉందని చూపిస్తే మాట మార్చారు. లేచాక మాత్రం బాగా నడిచింది. నాకు నచ్చింది చిన్న జవాబుల ప్రశ్న. స్టూడెంట్ ఒక మాట టైప్ చేస్తే మనం ఇచ్చిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. తెలుగుకి ఇది ప్రాణసంకటం, విజయనగరం అని ఒకరు రాస్తారు, విజయనగరము అని ఒకరు. దానికో చిట్కా ఉంది, జవాబు దగ్గర "విజయనగర" అని రాసి పక్కన నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ తర్వాత ఏమున్నా ఒప్పుకుంటుంది, సున్నా అయినా ము అయినా. మరి మా పిల్లలు ఇజీనగరం అని రాస్తే? దాన్ని ఇంకో జవాబుగా చేర్చి దానికి ఎంత శాతం ఇవ్వాలో మనమే పెట్టుకోవచ్చు. నేను 50 పెట్టాను. గిడుగువారుంటే నూరూ ఇమ్మనేవారు, తర్వాత ఆలోచించి నూరే చేశాను.

ఇంకో మంచి సంగతి మధ్యలో గబగబా చెప్పేసి వెళ్ళిపోయారు, మాకు మాత్రం అదే ముఖ్యం. మూడుల్ ఫోన్ యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు, క్విజ్ సెట్టింగుల్లో ఒక ఆప్షన్ ఆన్ చేస్తే పరీక్ష కూడా నెట్ లేకుండా రాసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు పండగలకి ఇంటికి వెళ్తే మాకు వాళ్ళు, వాళ్ళకి మేమూ దొరకం. కాలేజీ వైఫైలో ఎక్కించుకుని వెళ్తే చాలు. దీనికి పది నిమిషాలూ, "డిజిటల్ యుగం"కి రెండు గంటలూ ఇచ్చారు.

భోజనం బావుంది, దాని మీద ఫిర్యాదు లేదు, ముఖ్యంగా గురువారం పెట్టిన గుమ్మడికాయ పులుసు. ప్లగ్ పాయింట్లు వరసకి రెండే, అది మా కాలేజీ తప్పు. ట్రైనింగ్ అయ్యాక "సపోర్ట్ గ్రూప్" అని వాట్సాప్‌లో చేర్చారు, రోజూ పొద్దున్న గులాబీ పువ్వుతో శుభోదయం వస్తుంది, సందేహం అడిగితే మూడో రోజు జవాబు వస్తుంది, అది కూడా ఆ చిన్నమ్మాయి నుంచే.

చేరేవాళ్ళకి ఒక్కటి ముఖ్యంగా చెప్పాలి. మనం తయారుచేసిందంతా వాళ్ళ ట్రయల్ సైట్‌లో ఉంటుంది, నెల తర్వాత తీసేస్తారు, ఈ సంగతి ఆఖరి రోజు నాలుగింటికి చెప్పారు. వెంటనే కోర్సులోకి వెళ్ళి బ్యాకప్ తీసుకోండి, ఎంబీజెడ్ అని ఒక ఫైలు వస్తుంది, దాన్ని మీ కాలేజీ మూడుల్‌లో రీస్టోర్ చేస్తే ప్రశ్నలతో సహా వచ్చి కూర్చుంటుంది. నేను తీసుకున్నాను. హిస్టరీ మేస్టారి దగ్గర పెన్ డ్రైవ్‌లో రెండు కాపీలున్నాయి, స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నారు.

తర్వాతి బ్యాచ్‌కి డబ్బు కట్టేముందు తేదీలు చూసుకోండి. నిన్ననే గ్రూపులో పోస్టర్ వేశారు, జనవరి 12 నుంచి 16 వరకు, విజయనగరంలోనే. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ అందులోనే ఉన్నాయి.